జారిన చెయ్యి, వదిలిన చెయ్యి

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్లప్పుడు పడవ ప్రమాదం జరిగింది. మా పిన్ని కూతురు నా చెయ్యి పట్టుకుని ఉంది. నీళ్లలో ఆ చెయ్యి జారిపోయింది. నేను బతికాను, తను బతకలేదు. ఇప్పుడు నాకు ముప్ఫై ఒకటి. చిన్నప్పటి నుంచి శాస్త్రీయ నృత్యం నేర్చుకున్నాను. రెండేళ్లుగా ఒక నృత్యనాటక బృందంలో ఉన్నాను. మా దర్శకుడు నా కథ విని, దాన్నే ప్రదర్శనగా చేద్దామన్నారు. ఒప్పుకున్నాను. చెయ్యి వదిలే ఘట్టం రోజూ రిహార్సల్ చేస్తున్నాం. ఆ చోటికి రాగానే నా వేళ్లు బిగుసుకుపోతాయి. తరువాత కాసేపు ఏం జరిగిందో నాకే తెలియదు. ‘ఇదే నిజం, దీన్ని పోగొట్టుకోకు’ అంటారాయన. ఇంటికి వచ్చాక ముక్కులో డీజిల్ వాసన, తెల్లవారుజాము దాకా నిద్ర ఉండదు. నీట మునిగినప్పటి నుంచి ఒడ్డుకు చేర్చేదాకా నాకేమీ గుర్తులేదు. ఆ ఖాళీలో మేమొక సన్నివేశం కల్పించాం. ఇప్పుడది నిజంగానే జరిగిందేమో అనిపిస్తోంది. ప్రదర్శనకు రెండు నెలలే ఉంది. పిన్నికి ఇంకా చెప్పలేదు. ఇది నన్ను బాగుచేస్తోందా, పాడుచేస్తోందా? కొనసాగించమంటారా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే రేపు కూడా మీకు రిహార్సల్ ఉంటుంది. ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో ఆ ఘట్టాన్ని రేపు చేయకండి. ప్రదర్శన మానుకోమనడం లేదు. ఆ ఒక్క ఘట్టాన్ని, ఆ పద్ధతిలో చేయడం ఆపమంటున్నాను. మీ దర్శకుడికి వెంటనే చెప్పవలసింది అంతే. మిగిలినవి మెల్లగా మాట్లాడుకోవచ్చు.

నేను వైద్యురాలిని కాను. రిహార్సల్ గదుల్లో చాలా ఏళ్లు గడిపినదాన్ని, మొదట నర్తకిగా, తరువాత ఇతరులకు నేర్పే మనిషిగా. ఆ గదుల్లో చూసినదాన్ని బట్టీ, ఈ విషయం గురించి చదివినదాన్ని బట్టీ రాస్తున్నాను.

మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వకుండా పట్టేసినవి రెండు మాటలు. ప్రమాదం గురించి రాసేటప్పుడు మీరు ‘చెయ్యి జారిపోయింది’ అన్నారు. ఐదారు వాక్యాలు దాటి రిహార్సల్ సంగతికి వచ్చేసరికి అది ‘చెయ్యి వదిలే ఘట్టం’ అయింది. ఈ మార్పు ఎప్పుడు జరిగిందో, ఎవరు చేశారో మీరు గమనించి ఉండరు. నీళ్ల ఉరవడిలో, తడిసిన వేళ్లతో, ఊపిరి అందని స్థితిలో ఏ చెయ్యీ ఇంకో చేతిని ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. అది జారింది. కానీ వేదిక మీద జారడాన్ని చూపించడం కష్టం, వదలడాన్ని చూపించడం తేలిక. వదలడంలో ఒక నిర్ణయం ఉంటుంది, నాటకానికి అది అనుకూలం. అందుకని మీ బృందం దాన్ని ఎంచుకుని ఉంటుంది, బహుశా ఏ దురుద్దేశమూ లేకుండానే. దాని ఫలితంగా మీరు మీ చెల్లెలి చేతిని రోజుకొకసారి, మీ ఇష్టంతో, మీ కండరాలతో వదులుతున్నారు. నాట్యం నేర్చుకున్న శరీరం ఎలాంటిదో మీకు తెలుసు. చెప్పిన అబద్ధాన్ని కూడా అడుగు తప్పకుండా నేర్చుకుంటుంది.

ఇక ‘ఇదే నిజం’ అన్న మాట సంగతి. మనసులోని భావం ఒంటి మీద బయటపడే తీరులు, అంటే సాత్త్విక భావాలు ఎనిమిదీ మీకు చిన్నప్పుడే కంఠస్థం అయి ఉంటాయి: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. నాట్యశాస్త్రం సంగతి కాసేపు మరిచిపోయి ఆ వరసను మామూలు తెలుగులో చదవండి. కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు పూడుకుపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ప్రాణం మీదికి వచ్చిన మనిషి శరీరంలో ఏమేం జరుగుతాయో అంతా అందులో ఉంది. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ జాబితా దగ్గర ప్రతిసారీ ఒక క్షణం ఆగిపోతాను. దీన్ని కూర్చినవాళ్లు భయపడిన మనుషులను ఎంత దగ్గరగా చూసి ఉంటారో అనిపిస్తుంది.

మీ వేళ్లు బిగుసుకోవడం స్తంభం. తరువాత కాసేపు ఏమీ తెలియకపోవడం ప్రళయానికి దగ్గరిది. అయితే నటి స్తంభాన్ని తాళం లెక్కలో రప్పించుకుంటుంది, లెక్క పూర్తికాగానే పంపించేస్తుంది. మీకు అది చెప్పకుండా వస్తోంది, పొమ్మంటే పోవడం లేదు. మీ దర్శకుడు దాన్ని గొప్ప అభినయం అనుకుంటున్నారు. అది అభినయం కాదు, గాయం చూపిస్తున్న లక్షణం. దాన్ని పోగొట్టుకోకూడదని కోరడం చాలా తప్పు. ఆయన చెడ్డవారని నేననను, కానీ ఈ మాట ఆయనకు ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పాలి. కావాలంటే ఈ జవాబే ఆయనకు చూపించండి.

బాధను ఉన్నది ఉన్నట్టు బయటపెడితేనే కళ అవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. కావ్యం గురించి శాస్త్రాలు రాసిన మన ఆలంకారికులు ఈ ప్రశ్నను వెయ్యేళ్ల కిందటే చర్చించారు. క్రౌంచపక్షి కథలో వాల్మీకి ముని శోకం శ్లోకమైందని మనమంతా చెప్పుకుంటాం. ఆ కథ ప్రస్తావన ఉన్నచోట వ్యాఖ్య రాస్తూ కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు, ఆ శోకం ముని సొంత శోకమని అనుకోకూడదు అంటాడు. సొంత దుఃఖంతో కాలిపోతున్నవాడికి శ్లోకం చెప్పే స్థితి ఉండదని ఆయన వాదన. దుఃఖం నాదీ కాదు, నీదీ కాదు, పరాయిదీ కాదు అనిపించే చోటికి చేరాలి. దాన్నే సాధారణీకరణం అన్నారు. నాకు ఇది శాస్త్రచర్చలా కాక రిహార్సల్ గదిలో పనికొచ్చే సలహాలా కనిపిస్తుంది. మీరు ఇంకా నీళ్లలోనే ఉంటే, ఆ నీళ్లను మాకు చూపించలేరు.

నృత్యనాటకంలో గొప్ప పనులు చేసినవాళ్లు ఈ దూరాన్ని ఎలా సంపాదించారో కొంచెం చెబుతాను. జర్మనీలో నృత్యదర్శకురాలు పీనా బావుష్ 1973లో వుప్పర్టాల్ నగర నృత్య బృందం బాధ్యత తీసుకుని, నృత్యనాటకం అంటే ఏమిటో కొత్తగా చూపించారు. ఆమె తల్లిదండ్రులు భోజనశాల నడిపేవారు. చిన్నప్పుడు బల్లల కింద కూర్చుని పెద్దవాళ్లను చూసేవారట. 1978లో చేసిన ‘కాఫే ముల్లర్’లో ఆ జ్ఞాపకాల నీడ ఉంది, అందులో ఆమె కళ్లు మూసుకుని నర్తించేవారు. తరువాత దాన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడు మునుపటి అనుభూతి ఎంతకీ రాలేదట. మూసిన రెప్పల వెనుక చూపు కిందికి ఉందా, ఎదురుగా ఉందా అన్నదాన్ని బట్టి అంతా మారిపోతోందని ఆఖరికి కనిపెట్టారు. ఎంత చిన్న సంగతో చూడండి. ఆమె బాల్యాన్ని తిరగదోడలేదు, చూపును సరిచేసుకున్నారు. అనుభూతి ఆ వెనకే వచ్చింది. మీ రిహార్సల్ ఈ తీరులో నడవాలి.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ కెనడా నటుడు జొనాథన్ యంగ్‌ది. 2009లో ఒక అగ్నిప్రమాదంలో కూతురిని, కుటుంబంలోని మరో ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నారు. నృత్యదర్శకురాలు క్రిస్టల్ పైట్‌తో కలిసి ఆయన తయారుచేసిన ‘బెట్రోఫెన్‌హైట్’ వేదిక ఎక్కింది 2015లో. దెబ్బ తిని మాట పడిపోయిన స్థితికి జర్మన్ భాషలో ఉన్న మాట అది. రచన ఆయనదే, ప్రధాన పాత్రలో నటించిందీ ఆయనే. అయినా అందులో మంటలను నటించి చూపించరు. ఒక గది ఉంటుంది, అందులోంచి బయటపడలేని మనిషి ఉంటాడు, అతన్ని మళ్లీ మళ్లీ వెనక్కి లాగే వినోద బృందం ఉంటుంది. చాలాచోట్ల ఆయన గొంతు ముందే రికార్డు చేసినది, నర్తకుల పెదవులు దానికి తగ్గట్టు కదులుతాయి. తన గొంతును తన శరీరం నుంచి వేరు చేసి, ఇంకొకరి నోట్లో పెట్టి చూసుకున్నారన్నమాట. కదలికలను కూర్చే బాధ్యత పూర్తిగా మరొకరిది.

జపాన్ నర్తకుడు కజువో ఓనో సంగతి మీ నీళ్ల కథకు ఇంకా దగ్గరిది. ఆయన యుద్ధంలో సైనికుడు, తరువాత ఖైదీ. ఓడలో ఇంటికి తిరిగి వస్తుండగా దారిలో చనిపోయినవాళ్లను సముద్రంలోకి వదలడం చూశారు. 1949లో ఇచ్చిన తొలి ప్రదర్శనలో ఆయన ఒక జెల్లీచేప నృత్యం చేశారు. అది ఆ సముద్రంలో కలిసిపోయినవాళ్ల కోసమే అంటారు. శవాలను మోసినట్టు, ఏడ్చినట్టు నటించలేదు, నీళ్లలో తేలే ఒక మెత్తని ప్రాణి అయ్యారు. మీ ప్రదర్శనలో చెయ్యి చెయ్యిగానే ఎందుకు ఉండాలి? నీరే ఒక పాత్ర కావచ్చు. పడవ తాడు కావచ్చు. ఒడ్డున ఆరేసిన బట్టలు కావచ్చు.

ఇప్పుడు ఆ ఖాళీ గురించి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో లాంటిది కాదు. 2000లో కరీమ్ నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, గుర్తుకు వచ్చిన భయస్మృతి కాసేపు మెత్తబడి, మళ్లీ కొత్తగా గట్టిపడవలసి వస్తుందని తేలింది. మనుషుల విషయంలో దీని హద్దులేమిటన్న చర్చ ఇంకా సాగుతోంది, కానీ గుర్తు చేసుకోవడమే జ్ఞాపకాన్ని మార్చగలదన్నది మరిచిపోకూడని సంగతి. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్విలిన్ పిక్రెల్ ప్రచురించిన అధ్యయనంలో 24 మందికి ‘చిన్నప్పుడు నువ్వు దుకాణాల సముదాయంలో తప్పిపోయావు’ అని కుటుంబ సభ్యులు చెప్పినట్టుగా ఒక కల్పిత కథ ఇచ్చారు. దాదాపు నాలుగోవంతు మంది దాన్ని పూర్తిగానో కొంతగానో గుర్తు చేసుకున్నారు. అది కేవలం మాటలతో జరిగింది. మీరు కల్పిత సన్నివేశాన్ని ఒళ్లంతా పెట్టి, సంగీతంతో, రోజూ చేస్తున్నారు.

కాబట్టి ఒక నోటుబుక్కు తీసుకోండి. కల్పన మొదలవక ముందు మీకు తెలిసినదేమిటో, ఎక్కడి దాకా గుర్తుందో, ఎక్కడ తెగిపోయిందో రాయండి. పైన తేదీ వేయండి. బృందం కల్పించినది వేరే పేజీలో, ఇది మేం కల్పించినది అని శీర్షిక పెట్టి రాయండి. వేదిక మీద మాత్రం ఆ ఖాళీని ఖాళీగానే ఉంచమని నా కోరిక. దీపాలు ఆర్పేయండి. లేదా వేదికను ఖాళీగా వదిలి, ప్రేక్షకుల చేత ఒక నిమిషం నిరీక్షింపజేయండి. మీకు గుర్తులేదన్నది మీ కథలో లోపం కాదు, అందులో అన్నిటికంటే నిజమైన భాగం అదే కావచ్చు. దాన్ని కల్పనతో పూడ్చేస్తే ప్రదర్శన కూడా నష్టపోతుంది.

బాగుచేస్తోందా అని అడిగారు. నృత్యంతో మనసు గాయాలకు సాయం చేసే పని ఉంది, దానికి చరిత్ర కూడా ఉంది. మేరియన్ ఛేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో రోగులతో నృత్యం చేయించడం మొదలుపెట్టారు. 1966లో అమెరికాలో నృత్యచికిత్సకుల సంఘం ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే. మన దేశంలో కోల్‌కతా సన్వేద్ సంస్థ అక్రమ రవాణా నుంచి బయటపడిన అమ్మాయిలతో 2004 నుంచి ఈ పని చేస్తోంది. అయితే నృత్యచికిత్సకురాలి చూపు మీ మీద ఉంటుంది, దర్శకుడి చూపు ప్రేక్షకుల మీద ఉంటుంది. ఇద్దరూ నిజాయితీపరులే అయినా పనులు వేరు. మీరు దర్శకుడి గదిలోకి వెళ్లి చికిత్స గది ఫలితం ఆశిస్తున్నారు.

బిగుసుకుపోవడం, కాలం తెలియకపోవడం, లేని వాసన రావడం, నిద్ర పట్టకపోవడం, ఇవి నాలుగూ కలిసి ఉన్నాయంటే మనోవైద్య నిపుణులను కలవాలి. ప్రదర్శన అయ్యాక చూద్దాం అనుకోవద్దు, ఇప్పుడే. ఇలాంటి గాయస్మృతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన మానసిక చికిత్సల్లో ప్రధానమైనవి రెండు: గాయంపైనే దృష్టి పెట్టే ప్రవర్తన చికిత్స, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్. వాటిలోనూ జ్ఞాపకం దగ్గరికి వెళ్తారు, కానీ ఎంత దూరం వెళ్లాలో, ఎప్పుడు వెనక్కి రావాలో తెలిసిన మనిషి పక్కన ఉంటారు. 1992లో మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు: మొదట భద్రత, తరువాత స్మరించుకుని శోకించడం, ఆ తరువాత మళ్లీ మనుషుల్లో కలవడం. మీరు మొదటిది దాటకుండా రెండోదాని నడిమధ్యలోకి దూకారు.

ఆ రెండో దశ గురించే ఇంకొక మాట. మీ ఉత్తరంలో బతికి ఉన్న మీ చెల్లెలి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె ఎలా నవ్వేది? ఏ మాటకు అలిగేది? ఆ రోజు పడవ ఎక్కేముందు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? ప్రదర్శనలో ఆమె మునిగిపోయే మనిషిగా తప్ప ఇంకెలాగైనా కనిపిస్తుందా? బతికి ఉన్న ఆ పిల్లను మాకు చూపించకుండా ఆమె కోసం మేమెలా ఏడవగలం, మీరైనా ఎలా ఏడవగలరు? రిహార్సల్‌కు తిరిగి వెళ్లినప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండు చిటికెన వేళ్లు పెనవేసుకునే కీలకహస్తం మీకు తెలుసు, స్నేహానికీ సరస సంభాషణకూ వాడతాం. మీరూ ఇంకొక నర్తకీ ఆ హస్తంతో పది నిమిషాలు ఆడండి. ఇద్దరు అమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు, అంతే. ఆ పది నిమిషాలు కుదిరితే, తరువాత ఒక చిటికెన వేలు ఒంటరిగా మిగిలితే చాలు, హాలంతటికీ అర్థమవుతుంది.

గదిలో కొన్ని కట్టుబాట్లు కావాలి. ఆపేయడానికి ఒక మాట పెట్టుకోండి, ఆ మాట ఎవరి నోట వచ్చినా సంగీతం ఆగాలి. మీరు స్పృహ జారుతున్నప్పుడు ఆ మాట మీకే గుర్తుకు రాకపోవచ్చు, కాబట్టి మీ ముఖాన్ని మాత్రమే గమనించే మనిషి ఒకరు ఉండాలి, వారికి వేరే పని అప్పగించకూడదు. కష్టమైన ఘట్టాన్ని రోజూ పూర్తి శక్తితో చేయకండి. అడుగులు, లెక్క మాత్రం గుర్తు పెట్టుకుంటూ మార్కింగ్ చేయండి, పూర్తిగా చేయడం వారానికి ఒకసారి చాలు. ఆ రోజు ఒక చేతికి జరిగిందాన్ని రెండో చేతితో చేసి చూడండి. ఇంకొకరి చేత చేయించి మీరు బయట కూర్చుని చూడండి. అయ్యాక వెంటనే ఇంటికి పరుగెత్తకండి. ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని, ప్రదర్శనతో సంబంధం లేని విషయం ఎవరితోనైనా పావుగంట మాట్లాడి బయలుదేరండి.

వరసగా పది రిహార్సళ్లలో, ఘట్టం మధ్యలో ఎవరైనా ఆపమంటే ఆపి, మంచినీళ్లు తాగి, మళ్లీ అదే లెక్క నుంచి అందుకోగలిగితే, ఆ రాత్రి నిద్ర పడితే, వేదిక మీద ఆ పాత్ర మీరే చేయవచ్చు. ఇది శాస్త్రం చెప్పిన కొలత కాదు, నా అనుభవం. రెండు నెలల్లో అది కుదరకపోతే తేదీ జరపండి. తేదీ జరపలేమంటే పాత్ర మరొకరికి ఇవ్వండి. అమెరికా నృత్యదర్శకుడు బిల్ టి. జోన్స్ 1994లో ‘స్టిల్/హియర్’ చేసినప్పుడు ప్రాణాంతక వ్యాధులున్న మనుషులతో ఎన్నో ఊళ్లలో శిబిరాలు నడిపి, వాళ్ల మాటలను, సైగలను తీసుకున్నారు. వేదిక మీద నర్తించినది మాత్రం ఆయన బృందం. కథ మీదైనంత మాత్రాన శరీరం కూడా మీదే కానక్కర్లేదు.

ఇక పిన్ని. ఆమెకు ఆహ్వానపత్రం ద్వారా తెలియకూడదు, ఇంకెవరో చెప్పగా అసలే తెలియకూడదు. మీరే వెళ్లండి, ప్రదర్శన గురించి మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. వచ్చి చూడమని ఆ రోజు అడగకండి. మీ జ్ఞాపకం మీది, దాన్ని నాట్యంగా మలచుకోవడానికి ఆమె అనుమతి అక్కర్లేదు. కానీ ఆ పిల్ల పేరు, ఫొటో, గొంతు, వేసుకున్న గౌను రంగు, ఇవి ముందు ఆమె తల్లివి. వాటిలో ఏదైనా వద్దంటే తీసేయండి, ఎందుకని అడగకండి. అసలు ఏదీ వద్దంటే, పేరూ వరసా పోల్చుకోవడానికి వీల్లేకుండా, నీరూ, ఇద్దరు స్నేహితురాళ్లూ మాత్రమే మిగిలేలా మార్చండి. పన్నెండేళ్లుగా ఆమె కూడా ఆ రోజును తనకు తానుగా ఎన్నిసార్లు ఊహించుకుని ఉంటుందో. మీకు గుర్తులేని ఆ నిమిషాలను ఆమె ఏదో ఒకదానితో పూడ్చుకునే ఉంటుంది.

వస్తానంటే తలుపు పక్కన కుర్చీ ఉంచండి, లేచి వెళ్లాలనిపిస్తే ఎవరి మోకాళ్లూ దాటనక్కర్లేకుండా. పక్కన ఆమెకు ఇష్టమైన మనిషిని కూర్చోబెట్టండి. ఎక్కడ ఏం వస్తుందో ముందే వివరంగా చెప్పండి.

మీరు చెప్పేది విన్నాక, ఆ రోజు నీళ్లలో ఏమైందని ఆమె మిమ్మల్ని అడగవచ్చు. ఇన్నేళ్లుగా అడగాలని ఉండి అడగలేకపోయి ఉండవచ్చు. రిహార్సల్‌లో నేర్చుకున్న మాట ఆమె దగ్గర వాడకండి. నాకు మొదట రాసిన మాటే చెప్పండి, జారిపోయింది పిన్నీ అని.